గంజాయి చరిత్ర - 3: ఇరవై కిలోల త్రాసు

మిత్రులారా, గంజాయి కేసు వార్త రాగానే మన గ్రూపుల్లో కూడా "అలాంటోళ్లను వదలొద్దు" అనే మాటే వినిపిస్తోంది. మత్తు మన వాడల్ని తినేస్తోంది, ఆ కోపం నాకూ ఉంది. కానీ చట్టం ఎవరి చెయ్యి పట్టుకుంటోందో చూడకపోతే ఆ కోపం మన పిల్లల మీదే పడుతుంది.

ఒకప్పుడు గంజాయి సర్కారుకు నేరం కాదు, రాబడి. బెంగాల్‌లోని నౌగావ్ ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం లైసెన్సులిచ్చి పండించింది, పన్ను గుంజింది. 1893లో వేసిన హెంప్ డ్రగ్స్ కమిషన్ 1,193 మంది సాక్షుల్ని విచారించింది. పూర్తి నిషేధం అక్కర్లేదు, లైసెన్సుతో, పన్నుతో అదుపు చేస్తే చాలని చెప్పింది.

1985లో ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది. మొక్క ఒకటే. ఉత్త ఆకుతో చేసే భంగు ఈ చట్టం కిందికి రాదు. పూత కోస్తే గంజాయి, జైలు. ఉత్తరాదిన శివరాత్రికి, హోలీకి గుళ్ల దగ్గర తాగేది ఏదో మీకు తెలుసు.

1989 సవరణ రెండు పనులు చేసింది. 37వ సెక్షన్‌తో బెయిలు బిగించింది. 27ఎ సెక్షన్ తెచ్చి, ఈ దందాకు డబ్బు పెట్టినవాడికి 10 నుంచి 20 ఏళ్ల శిక్ష అంది. 2001 సవరణ శిక్షను తూకానికి ముడేసింది. గంజాయి 20 కిలోలు దాటితే మోసినవాడికీ అదే 10 నుంచి 20 ఏళ్లు.

కాగితం మీద ఇద్దరూ సమానమే. కానీ సంచిని తూచడానికి త్రాసు చాలు. పెట్టుబడిని పట్టుకోవాలంటే బ్యాంకు ఖాతాలు, ఫోన్లు, రాష్ట్రాల సరిహద్దులు దాటి వెతకాలి. అందుకే సంచి దొరికిన చోటే కేసు ఆగిపోతుంది.

2021 ఆఖర్లో విశాఖ ఏజెన్సీలో ఆపరేషన్ పరివర్తన పేరుతో తోటలు నరికారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. అంత సరుకు కొండ దిగాలంటే ఎన్ని వీపులు మోయాలి? ఎంత డబ్బు ముందే చేతులు మారాలి? మంటలో సరుకు కాలింది. డబ్బు కాలలేదు.

విద్యార్థి మిత్రులకు నా మాట. మీ ఊళ్లో ఇలాంటి అరెస్టు జరిగితే మూడు విషయాలు చూడండి. 27ఎ కింద ఎవరినైనా చేర్చారా? అధికారులు రాసుకున్న ఒప్పుకోలు మీదే కేసు నిలబడిందా? అలాంటి ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 2020లో తోఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక మూడోది, వకీలు ఉన్నాడా? ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టమిచ్చిన హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక అర్జీ రాస్తే చాలు. ఆ అర్జీ రాసిపెట్టే చెయ్యి మీదే కావాలి.

జై భీమ్.