ఎగువదారిలో బండి ఏల నీరసించును?
విద్యుత్ కారు రోగనిర్ణయ చరిత్ర

మదనపల్లె, పుంగనూరు, కుప్పము - ఈ మూడు ఊళ్ళును మైసూరు పీఠభూమి తూర్పు అంచున ఉన్నవి. చిత్తూరునుండి పలమనేరు మీదుగా వీటిని చేరుటకు మొగిలి కనుమ ఎక్కవలెను. ఆ దారిలో నేల ఎత్తు 300 మీటర్లకు పైగా పెరుగును. చదునైన దారిలో చక్కగా వచ్చిన విద్యుత్ కారు ఈ ఎగువలో హఠాత్తుగా నీరసించినదనుకొనుడు. వెనుక బరువు లారీ వచ్చుచున్నది! ప్రక్కకు తీసి, అరగంట ఆగి నడుపగా, బండి ఏమియు ఎరుగనట్లు మరల కదలును. ఊరు చేరి మెకానిక్కుకు చూపగా వోల్టేజి సరిగానే ఉండును. మరి లోపమెక్కడ? ఈ ప్రశ్నకు నూట నలుబది ఏండ్లకు పైబడిన చరిత్ర కలదు.

ఫ్రాన్సు దేశీయుడు ప్లాంటే 1859లో సీసపు సంచాయక ఘటమును కనుగొనెను. 1881లో ఫోర్ దానిని మెరుగుపరచెను. ఆ యేడే ట్రూవే పారిస్‌లో మూడు చక్రముల విద్యుత్ బండిని నడిపెను. ఆనాటి రోగనిర్ణయ సాధనము హైడ్రామీటరు. ఘటము ఖర్చగుకొలది అందలి ఆమ్లము పలుచబడును. నిండు ఘటములో ద్రవము విశిష్ట సాంద్రత సుమారు 1.28, ఖర్చయినప్పుడు 1.15 ప్రాంతమునకు దిగును. ఒక్కొక్క ఘటము మూత తీసి కొలువగా, బలహీనమైనది బయటపడును. ఘటములన్నియు వరుసగా కలుపబడినవి కనుక, ఒక్క కడియము తెగిన గొలుసు అంతయు వ్యర్థమైనట్లే, ఒక్క ఘటము చెడిన బండి అంతయు కుంటుపడును.

కాని ఈ పరీక్ష బండి ఆగియున్నప్పుడు చేయునది. 1897లో పాయ్‌కెర్ట్ అను జర్మనీ శాస్త్రజ్ఞుడు, ఘటమునుండి విద్యుత్తును ఎంత వేగముగా లాగిన అది మొత్తము మీద అంత తక్కువ ఇచ్చునని చూపెను. ప్రయోగశాలలో గట్టివనిపించుకొన్న ఎడిసన్ నికెల్-ఇనుము ఘటములు బండ్లలో కారసాగినవి. ఆయన 1904లో వాటి తయారీని ఆపి, సవరించిన ఘటమును 1909లో మరల తెచ్చెను. పనిలో ఉన్నప్పుడే ఘటము నిజము చెప్పునన్నది దీని సారాంశము.

మన పొరుగునున్న బెంగుళూరులో 2001లో వెలువడిన రేవా కారును ఉదాహరణగా తీసికొందము. దానిలో 6 వోల్టుల సీసపు బ్యాటరీలు 8. మొత్తము 48 వోల్టులు, 200 ఆంపియర్-గంటలు. అనగా 9.6 యూనిట్ల శక్తి. మనుషులతో కలిపి 900 కిలోల బండిని 300 మీటర్లు పైకెత్తుటకు, రాపిడిని మినహాయించిన, ముప్పాతిక యూనిటు చాలును. కనుక కొరత శక్తిలో కాదు, సామర్థ్యములో, అనగా ఆ శక్తిని వెచ్చించు వేగములో. మోటారు తన గరిష్ఠ సామర్థ్యమైన 13 కిలోవాట్లను కోరినప్పుడు బ్యాటరీనుండి సుమారు 270 ఆంపియర్లు ప్రవహించవలెను.

ఇప్పుడొక తీగ బిగింపు వదులై, అచ్చట ఓములో నూరవ వంతు నిరోధము చేరినదనుకొందము. ఒక ఆంపియరు ప్రవహించునప్పుడు అచ్చట నష్టమగునది వోల్టులో నూరవ వంతే, మీటరు పసిగట్టలేదు. 250 ఆంపియర్లు ప్రవహించునప్పుడు రెండున్నర వోల్టులు పోవును; 625 వాట్ల వేడి, ఒక ఇస్త్రీపెట్టె అంత, అచ్చటనే పుట్టును. మదనపల్లె చెంత, క్షయరోగ చికిత్సకు పేరొందిన ఆరోగ్యవరము కలదు. క్షయరోగికి జ్వరము తరచు సాయంకాలము పొడసూపును. ఉదయము చూచి రోగము లేదనుట పొరపాటు. ఆగిన బండికి మీటరు పెట్టుటయు అట్టిదే.

ఈ లోటును తీర్చినది కంప్యూటరు. రేవాలోనే బ్యాటరీని కనిపెట్టియుండు యంత్రాంగము కలదు. దాని లెక్కలను చదువుటకు చేతిలో పట్టునంత పరికరమును తయారుచేసిరి. 2009లో ఆ సంస్థ, దారిలో చార్జి అయిపోయినవారు కబురు చేసినచో దూరమునుండియే కొంత నిలువను విడుదల చేయు పద్ధతిని ప్రకటించెను. నేటి లిథియం బ్యాటరీలలో, నడుచుచుండగనే ఘటముల వోల్టేజిని, వేడిమిని కంప్యూటరు కొలుచుచుండును. ఏ ఒక్కటి హద్దు దాటినను మోటారుకు సామర్థ్యము తగ్గించును. కాబట్టి నీరసము లోపము కాక, కాపుదలయే కావచ్చును.

బండి మెల్లగా నీరసించినదా, ఒక్కసారిగా ఆరిపోయినదా అన్నది మొదట అడుగవలసిన ప్రశ్న. మొదటిదైనచో బలహీన ఘటమును, వేడిని అనుమానింపవలెను. రెండవదైనచో చిన్న 12 వోల్టుల బ్యాటరీని గూడ చూడవలెను. పెద్ద బ్యాటరీని కలుపు స్విచ్చులను మూసిపట్టునది అదియే. కంప్యూటరు చూపు లోపసంఖ్య జ్వరము వంటి లక్షణమే కాని, రోగము పేరు కాదు. కొలుచు తీగ వదులైనను ఘటము చెడినట్లే చూపవచ్చును. అనేక కార్ల బ్యాటరీలు నేడు 300 వోల్టులకు పైబడినవి; శిక్షణ లేనివారు మూత విప్పుట ప్రాణాపాయము. మూత తీసి చూచు రోజులు పోయినవి. ఎగువదారిలో నమోదైన వోల్టేజి గీతను చదువు రోజులు వచ్చినవి. మన ఊళ్ళ మెకానిక్కు పిల్లలు స్పానరుతోపాటు ఆ గీతను చదువుటయు నేర్చినచో, మొగిలి కనుమలో ఆగిన బండికి బెంగుళూరుదాక పోవలసిన పని తప్పును.