గూడ్సు పెట్టెల నెత్తిన కొలువు

అంతర్యుద్ధం ముగిశాక అమెరికాలో రైలు మార్గాలు ఖండమంతా అల్లుకున్నాయి. బళ్లు పొడుగయ్యాయి, బరువెక్కాయి. వాటిని ఆపే పద్ధతి మాత్రం మారలేదు. గూడ్సు బండిలో పెట్టె పెట్టెకూ విడిగా చేతి బ్రేకు ఉండేది. దాన్ని తిప్పే చక్రం పైకప్పు అంచున ఉండేది. డ్రైవరు కూత వేయగానే బ్రేక్‌మన్లు కప్పు మీది సన్నని చెక్కబాట వెంట పరుగెత్తి, చక్రాల్ని ఒక్కొక్కటిగా బిగించేవారు. చక్రంలో దుడ్డుకర్ర దోపి, ఒంటి బరువంతా వేసి తిప్పేవారు. ఒక పెట్టె అయ్యాక, ఊగుతున్న సందు మీదుగా పక్క పెట్టె మీదికి దూకాలి.

చలికాలంలో ఆ చెక్కల మీద మంచు గడ్డకట్టేది. రాత్రిళ్లు చేతిలో లాంతరే దిక్కు. ఎత్తు చాలని వంతెనలు, సొరంగాలు తలకు తగిలేవి. అందుకే వాటికి కాస్త ముందు, పట్టాల మీదుగా అడ్డదూలం కట్టి తాళ్లు వేలాడదీసేవారు. చీకట్లో తాడు ఒంటికి తగిలిన మరుక్షణం వంగిపోవాలి.

కింది పనీ అంత గండమే. పెట్టెల్ని ఇనుప లింకు, మేకులతో కలిపేవారు. కదిలొస్తున్న పెట్టెకు ఎదురు నిలబడి, లింకును చేత్తో గాడిలోకి నడిపి, మేకు దించాలి. రెప్పపాటు ఆలస్యమైతే వేళ్లు తెగేవి, లేదా మనిషే నలిగిపోయేవాడు.

న్యాయస్థానాల్లోనూ ఊరట దొరకలేదు. తోటి పనివాడి పొరపాటుకు యజమాని బాధ్యుడు కాడని 1842లోనే ఫార్వెల్ కేసులో మసాచుసెట్స్ కోర్టు తేల్చింది. ప్రమాదం తెలిసే కొలువులో చేరాడు గనుక నష్టం అతనిదేనన్న వాదన కూడా చెల్లింది. చివరికి 1883లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒనియోంటాలో బ్రేక్‌మన్లు సంఘం కట్టి, చనిపోయినవారి కుటుంబాలకు తామే ఆసరా అయ్యారు.

విరుగుడు లేక కాదు ఈ చావులు. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో గాలి బ్రేకుకు పేటెంటు పొందాడు. కొన్నేళ్లకే దాన్ని, గొట్టం తెగితే తనంతట తానే పడే బ్రేకుగా మెరుగుపరిచాడు. 1873లో ఈలై జానీ, వేళ్లు ముడిచిన రెండు చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు కలిసే కప్లింగుకు పేటెంటు తీసుకున్నాడు. కంపెనీలు ఖర్చుకు జంకాయి. పైగా ఒక కంపెనీ పెట్టెలు మరో కంపెనీ బండిలో తిరుగుతాయి. అందరూ ఒకేసారి మారితే తప్ప ఫలితం ఉండదు.

ఆ మార్పు కోసం అయోవా రైతు లొరెంజో కాఫిన్ ఏళ్ల తరబడి పోరాడాడు. 1889 జూన్‌తో ముగిసిన ఏడాదిలో 1,972 మంది రైల్వే ఉద్యోగులు చనిపోయారు, 20,028 మంది గాయపడ్డారు. యుద్ధంలో సైనికుడికి ఉన్నంత ముప్పు వీరికీ ఉండటం నాగరికతకే మచ్చ అని అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ కాంగ్రెసుకు చెప్పాడు. 1893 మార్చి 2న ఆయన సంతకంతో రైల్వే భద్రతా చట్టం వచ్చింది. గాలి బ్రేకు, ఆటోమేటిక్ కప్లింగు తప్పనిసరయ్యాయి. వాటిని అమర్చని పెట్టెతో పనిచేసి గాయపడితే, తెలిసే చేశావు అనే వాదన ఇక చెల్లదనీ అందులో రాశారు. 1898 గడువును కంపెనీలు 1900 ఆగస్టు దాకా పొడిగింపజేసుకున్నాయి.

పోరు అక్కడితో ఆగలేదు. యూటాలో చెయ్యి పోగొట్టుకున్న జాన్సన్ అనే బ్రేక్‌మన్ కేసులో 1904లో సుప్రీంకోర్టు చట్టాన్ని కార్మికుడి పక్షాన చదివింది. 1908లో పరిహార చట్టం వచ్చింది. 1910 చట్టం నిచ్చెనలకు, పైకప్పు బాటలకు ప్రమాణాలు కోరింది. 1966కు వచ్చేసరికి కొత్త బాక్సు పెట్టెలకు ఆ బాటే అక్కర్లేదన్నారు.

జానీ పేటెంటుకూ చట్టానికీ మధ్య 20 ఏళ్లు. ఆ 20 ఏళ్లలో పోయిన ప్రాణాలకు జవాబుదారీ సాంకేతికత కాదు, దాన్ని వాడటానికి ఒప్పుకోని లెక్కలు. ప్రమాదం తప్పించే పనిముట్టు చేతికొచ్చాక కూడా కార్మికుణ్ణి జాగ్రత్తగా ఉండమని మాత్రమే చెప్పే యాజమాన్యం, ఏ పరిశ్రమలోనైనా ఏ కాలంలోనైనా, దోషే.