తొందరపడ్డవాడికే జరిమానా: కార్ల ర్యాలీ పుట్టుపూర్వోత్తరాలు

మంగంపేట గనిలో తవ్వే ముగ్గురాయికీ, కోట్లు పోసి కొన్న స్పోర్ట్స్ కారుకూ రెండు వైపుల నుంచి చుట్టరికం ఉంది. ఓబులవారిపల్లె మండలంలోని ఈ బెరైటీస్ నిక్షేపం ప్రపంచంలోని అతి పెద్దవాటిలో ఒకటి. అక్కడి రాయిలో ఎక్కువ భాగం పొడిగా మారి, ఓడలెక్కి, చమురు బావులు తవ్వేచోట బురదలో కలుస్తుంది. బావిలోంచి నూనె, గ్యాసు ఒక్కసారిగా ఎగదన్నకుండా ఆ బరువైన బురదే అదిమిపెడుతుంది. ఇదే ఖనిజం కార్ల బ్రేకు ప్యాడ్ల తయారీలోనూ పడుతుంది, ఎంత వేడెక్కినా చెక్కుచెదరదు గనక. కారును ఉరికించే పెట్రోలు వెనకా ముగ్గురాయే, దాన్ని నిలబెట్టే బ్రేకులోనూ ముగ్గురాయే. స్పోర్ట్స్ కార్ల యజమానులు గుంపుకట్టి వెళ్లే ర్యాలీల చరిత్రలో ఈ రెండింట్లో దేనిది పెద్ద పాత్ర అంటే చాలామంది పెట్రోలుదే అంటారు. సాక్ష్యాలు చూస్తే బ్రేకుదే అనిపిస్తుంది. ర్యాలీ పుట్టింది ఎవరు ముందు చేరతారో తేల్చడానికి కాదు. మామూలు రోడ్డు మీద వేగమే గెలుపైన ప్రతిసారీ ఆ ఆట ప్రాణాలు తీసి ఆగిపోయింది. వేగానికి గడియారంతో పగ్గం వేసిన రూపమే నేటికీ బతికి ఉంది.

1894 జులై 22న పారిస్ నుంచి రూఆన్ దాకా 126 కిలోమీటర్ల దారిలో జరిగిన పోటీతో ఈ కథ మొదలుపెట్టాలి. దాన్ని నిర్వహించింది ల పెతి జుర్నాల్ అనే పారిస్ దినపత్రిక. గుర్రం లేని బండి అంటే అప్పటికి జనానికి సగం భయం, సగం వేళాకోళం. అందుకే పత్రిక పెట్టిన షరతులు చాలా నెమ్మదైనవి: బండి ప్రమాదకరం కాకూడదు, నడపడం తేలికగా ఉండాలి, దారి ఖర్చు తక్కువ కావాలి. నూరుకు పైగా పేర్లు నమోదైతే, ముందస్తు పరీక్షలు దాటి బయల్దేరినవి 21 మాత్రమే. అందరికంటే ముందు రూఆన్ చేరింది ద డియాన్ దొరగారి ఆవిరి బండి. అయినా మొదటి బహుమతి దానికి దక్కలేదు. బొగ్గు ఎగదోయడానికి వేరే మనిషి కావలసిన బండి రేపటి బండి కాలేదని న్యాయనిర్ణేతలు తేల్చారు. పెట్రోలు కార్లతో వచ్చిన పనార్ లెవాసోర్, పెజో సంస్థలు ఆ బహుమతిని పంచుకున్నాయి. మొట్టమొదటి మోటారు పోటీలోనే ముందు వచ్చినవాడు ఓడిపోయాడన్నమాట.

ఆ తర్వాత వచ్చినవీ ఈ దారినే నడిచాయి. ఇంగ్లండులో యంత్రపు బండ్ల వేగాన్ని పల్లెల్లో గంటకు 4 మైళ్లకు, ఊళ్లలో 2 మైళ్లకు బిగించిన పాత చట్టం సడలిన 1896 నవంబరు 14నే లండన్ నుంచి బ్రైటన్‌కు కార్ల ఊరేగింపు సాగింది. 1905కు ముందు తయారైన కార్లతో ఆ ప్రయాణాన్ని ఇప్పటికీ ఏటా జరుపుతున్నారు. మన దేశంలో 1904 చివర ఢిల్లీ నుంచి బొంబాయికి నడిపిన కార్ల పరీక్ష కూడా నమ్మకం కోసమే. ఇక్కడి దారుల్లో, ఇక్కడి దుమ్ములో బండి ఆగకుండా గమ్యం చేరుతుందా అన్నదే అందులో ప్రశ్న. 1911లో పుట్టిన మాంటీ కార్లో ర్యాలీ ఇంకా విచిత్రం. చలికాలంలో మొనాకోకు డబ్బున్న విడిదిదారులను రప్పించడం దాని అసలు ఉద్దేశం. యూరప్‌లో 11 చోట్ల నుంచి 23 కార్లు బయల్దేరాయి. పారిస్ నుంచి 1,020 కిలోమీటర్లు నడిపి వచ్చిన ఆన్రీ రూజియే గెలిచాడు. మార్కుల్లో బండి సొగసుకు వాటా ఉంది, ప్రయాణికుల సుఖానికి ఉంది, చేరేసరికి బండి ఏ స్థితిలో ఉందన్న దానికీ ఉంది. ఫలితాలు చూసి గగ్గోలు పుట్టింది గానీ తీర్పు మారలేదు. ఆ గగ్గోలులో న్యాయం ఉంది. సొగసుకు మార్కులేసేవాడి చేతిలో గెలుపోటములు ఉండటం ఏ ఆటకూ మంచిది కాదు. ఆ లోటును తీర్చేందుకే తర్వాతి కాలం గడియారాన్ని ఆశ్రయించింది. అయితే గడియారాన్ని రెండు రకాలుగా వాడొచ్చు. ఎవరు తక్కువ సేపట్లో వచ్చారో కొలవడం ఒకటి, ఎవరు చెప్పిన సమయానికి వచ్చారో కొలవడం రెండోది.

మొదటి పద్ధతి ఫలితం 1903 మేలోనే బయటపడింది. పారిస్ నుంచి మాడ్రిడ్ దాకా సాగాల్సిన పందెంలో లూయీ రెనో అన్న మార్సెల్ రెనోతో సహా పోటీదారులూ, దారిపక్క చూడవచ్చినవాళ్లూ చనిపోయారు. ఫ్రెంచి ప్రభుత్వం పందేన్ని బోర్డోలోనే ఆపేసింది. కార్లను గుర్రాలతో రైలు స్టేషనుకు లాగించారు. అయినా ఆశ చావలేదు. 1927లో ఇటలీలో మొదలైన మిల్లే మిలియా బ్రెషా నుంచి రోముకు వెళ్లి తిరిగొచ్చే దాదాపు 1,600 కిలోమీటర్ల పరుగు. స్పోర్ట్స్ కారు అన్న మాటకు మెరుపు తెచ్చింది అదే. 1955లో స్టర్లింగ్ మాస్ ఆ దూరాన్ని 10 గంటల 8 నిమిషాలు కూడా పట్టకుండా ముగించాడు, అంటే గంటకు దాదాపు 157 కిలోమీటర్ల సగటు. పక్క సీట్లో కూర్చున్న డెనిస్ జెన్కిన్‌సన్ ముందుగా దారంతా తిరిగి, ప్రతి మలుపునూ పొడవాటి కాగితపు చుట్ట మీద రాసుకుని, దాన్ని డబ్బాలో తిప్పుతూ చేతి సైగలతో దారి చెప్పాడు. ఇప్పటి ర్యాలీల్లో నావిగేటరుకు దక్కుతున్న గౌరవంలో ఆ కాగితపు చుట్ట వాటా తక్కువేమీ కాదు. రెండేళ్లకే, 1957 మే 12న, గ్విడిజోలో అనే పల్లె దగ్గర ఒక ఫెరారీ టైరు పగిలి జనంలోకి దూసుకుపోయింది. నడిపేవాడు, అతని తోడు, ఐదుగురు పిల్లలతో సహా తొమ్మిది మంది ప్రేక్షకులు చనిపోయారు. రోడ్డు పందెంగా మిల్లే మిలియా కథ అక్కడితో ముగిసింది.

చచ్చిన మిల్లే మిలియాను 1977లో బతికించినవాళ్లు గడియారాన్ని రెండో పద్ధతిలో పట్టుకున్నారు. పాత పందెం కాలపు కార్లనే రానిచ్చారు, కానీ నిర్ణీత దూరాన్ని నిర్ణీత సమయంలో దాటడమే పరీక్ష. మన దగ్గర టీఎస్‌డీ అని పిలిచే సమయం, వేగం, దూరం ర్యాలీకీ సూత్రం ఇదే. చేతికి రోడ్ బుక్ ఇస్తారు. అందులో ప్రతి కూడలికీ చిన్న బొమ్మ, దూరం ఉంటాయి. ఫలానా ముక్కలో గంటకు ఇన్ని కిలోమీటర్ల సగటు అని చెబుతారు. ఎక్కడ గడియారంతో మార్షల్ నిలబడి ఉంటాడో చెప్పరు. ప్రపంచ ర్యాలీ పోటీల నియమాల్లోనూ ఈ తత్వం కనిపిస్తుంది. మూసిన దారుల మీద ఎంత వేగంగా పోయినా సరే, వాటి నడుమ టైమ్ కంట్రోల్ దగ్గరకు నిమిషం ఆలస్యంగా వస్తే 10 సెకన్ల జరిమానా, నిమిషం ముందు వస్తే నిమిషం జరిమానా. ఆలస్యం కంటే తొందర ఆరు రెట్లు పెద్ద తప్పు. నూరేళ్ల అనుభవమంతా ఆ ఒక్క లెక్కలో ఇమిడింది.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. గంటకు 300 కిలోమీటర్లు పోగల కారును 45 సగటుతో నడిపించడం ఏం ఆట? వేగమే వద్దనుకుంటే ఆ కారు దేనికి? ప్రశ్న సబబైనదే. దీనికి ఒక జవాబు, వేగానికి వేరే చోటుంది. యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద చెన్నై దగ్గరి షోలవరంలో పందేలు నడిపిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్, 1990 నాటికి ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకుంది. కోయంబత్తూరులో మరొకటి ఉంది. ఇంకో జవాబు, తెలియని దారిలో సగటును సెకన్ల తేడాతో నిలబెట్టడం కారు బలాన్ని కాదు, లోపలున్న ఇద్దరి నిగ్రహాన్ని పరీక్షిస్తుంది. కొద్దిగా తొక్కితేనే ఎగిరే కారులో ఆ నిగ్రహం ఇంకా కష్టం. ఈ ఆటను తేలిక అనేవాళ్లు ఒక్కసారి నావిగేటరు సీట్లో కూర్చుని కూడికలు చేస్తే అభిప్రాయం మార్చుకుంటారు.

ఇంకో వాదనా ఉంది: రోడ్డు మూసేస్తే ఏ గొడవా ఉండదు కదా అని. 1968 లండన్–సిడ్నీ మారథాన్ దీనికి జవాబు. 98 కార్లు లండన్‌లో బయల్దేరి, కాబూల్, ఢిల్లీ దాటి బొంబాయిలో ఓడెక్కి ఆస్ట్రేలియా చేరాయి. చివరి రోజు ముందంజలో ఉన్న సిట్రోయెన్‌ను, మూసివుందనుకున్న దారిలో ఎదురొచ్చిన ఒక మామూలు కారు ఢీకొట్టింది. గెలుపు ఆండ్రూ కోవన్ నడిపిన హిల్‌మన్ హంటర్‌కు దక్కింది. నగరాల్లో మూయడం ఇంకా ఖరీదైన పని. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.8 కిలోమీటర్ల దారి మూసి ఫార్ములా ఈ అనే విద్యుత్ కార్ల పందెం నడిపితే, ట్రాఫిక్‌తో నగరం విసుక్కుంది. మరుసటి ఏడు జరగాల్సిన పోటీ రద్దయింది. అది ట్రాక్ పందెం, ర్యాలీ కాదు. కానీ జనం రోడ్డును జనం దగ్గర్నుంచి తీసుకోవడానికి ఎంత ఖర్చవుతుందో అది చూపింది.

డబ్బున్నవాళ్ల షికారు అన్న విమర్శను తేలిగ్గా తోసేయలేం. 1971లో అమెరికాలో బ్రాక్ యేట్స్ మొదలుపెట్టిన కానన్‌బాల్ పరుగు, 1999 నుంచి నడుస్తున్న గంబాల్ 3000 స్పోర్ట్స్ కార్ల యజమానుల ర్యాలీకి ఇప్పటి రూపురేఖలు ఇచ్చాయి: స్టిక్కర్లు, హోటళ్లు, రాత్రి విందులు. గంబాల్ నిర్వాహకులు అది పందెం కాదనే చెబుతారు. కానీ తొందరపడినవాడికి జరిమానా లేని చోట పందెం కాదనడం మాటవరసకే. 2007 మేలో మాసిడోనియాలో గంబాల్ కారు ఢీకొని వృద్ధ దంపతులు చనిపోయారు. ఆ ఏటి ర్యాలీని మధ్యలోనే ముగించారు. మన దేశంలో 1980లో మొదలైన హిమాలయన్ ర్యాలీకి కూడా కొండ పల్లెల నుంచి నిరసన ఎదురైంది. తమ దారిన ఎవరో దూసుకుపోతుంటే పక్కకు తప్పుకోవలసింది తామేనన్న కోపం అది. ఆ కోపం న్యాయమైనది.

ఈ చరిత్రనంతా కడప–రేణిగుంట రోడ్డు మీద పెట్టి చూడండి. తిరుపతిలో బయల్దేరి కోడూరు, రాజంపేట, ఒంటిమిట్ట మీదుగా కడప చేరి, అక్కడి నుంచి గండికోటకు వెళ్లే దారి ర్యాలీకి చూడముచ్చటైనది. శేషాచలం అడవి, తాళ్లపాక, నందలూరు సౌమ్యనాథాలయం, కోదండరాముడి గుడి, పెన్నా లోయ అన్నీ ఒకే పూటలో వస్తాయి. అదే దారిలో ముగ్గురాయి లారీలు, కోడూరు అరటి లోడ్లు, తిరుమలకు కాలినడకన వెళ్లే భక్తులు కూడా ఉంటారు. ప్రమాణాల ప్రకారం స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు. ఊరివాళ్లు సొంతంగా వేసుకున్నవాటికి ఆ లెక్క లేదు. నేలకు ఆనినట్టుండే కారుకు అక్కడ గడియారంతో పనిలేకుండానే పగ్గం పడుతుంది. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో పందెం గానీ వేగ పరీక్ష గానీ జరపడం నేరం. 2019 సవరణతో మొదటిసారికి మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రాయలసీమకు ఇలాంటి ర్యాలీ వల్ల లాభమేమిటంటే పెద్దగా ఏమీ లేదు, ఒకటి రెండు రాత్రుల హోటలు గదులు తప్ప. పర్యాటకం ఉప్పొంగుతుందని చెప్పేవాళ్లను నమ్మనక్కర్లేదు. వాదన లాభం మీద కాదు, ఎవరికీ నష్టం లేకుండా నడపగలమా అన్న దాని మీద నిలబడాలి.

సగటు వేగపు ర్యాలీకి గట్టి ఎదురువాదన ఒకటుంది. దారి తప్పి పది నిమిషాలు పోగొట్టుకున్న డ్రైవరు సగటును నిలబెట్టుకోవాలని తర్వాతి ముక్కలో తొక్కడా? తొక్కుతాడు. అందుకే ఆలస్యానికి జరిమానా తక్కువగా, తొందరకు ఎక్కువగా ఉండాలి. ప్రతి కారులో జీపీఎస్ పెట్టి గరిష్ఠ వేగం దాటినవాణ్ని పోటీ నుంచే తీసేయాలి. అయినా ముప్పు పూర్తిగా పోదు, తగ్గుతుంది. మిగిలిన పని బయల్దేరే పద్ధతి చేస్తుంది. కారుకు కారుకు నిమిషం ఎడం పెట్టి 40 కార్లను వదిలి, గంటకు 45 కిలోమీటర్ల సగటు పెడితే, మొదటిదానికీ చివరిదానికీ మధ్య దాదాపు 30 కిలోమీటర్లు ఉంటాయి, ఒక్కో సందు 750 మీటర్లు. కోడూరు తోటల నుంచి రోడ్డెక్కే అరటి లారీకి ఆ సందు చాలు. అదే 40 కార్లు హారన్లు మోగిస్తూ గుంపుగా వస్తే లారీ పక్కన ఆగాలి, నడిచే భక్తులు రోడ్డు దిగాలి, పోలీసులు కూడలి మూయాలి.