బాలల సమగ్ర వికాసం – ప్రాథమికోన్నత దశ: నయీ తాలీం చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
1937లో వార్ధాలో రూపుదిద్దుకొన్న నయీ తాలీం 7 నుంచి 14 ఏళ్ల వరకు సాగే చదువును విడదీయరాని ఒకే దశగా భావించింది. దేహం, బుద్ధి, హృదయం కలిసి వికసించాలన్న దాని ఆశయానికి 11–14 ఏళ్ల కాలమే గట్టి పరీక్ష అయింది. సరిగ్గా ఆ వయసు దగ్గరే పథకం రెండు విధాలుగా చీలిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నయీ తాలీం, ప్రాథమికోన్నత దశ, సమగ్ర వికాసం, జాకిర్ హుస్సేన్ సంఘం, బాలికా విద్య.

1. ప్రవేశిక:
అక్షరాస్యతే విద్య కాదని, బిడ్డలోని దేహ, మానసిక, ఆత్మిక శక్తులన్నింటినీ వెలికితీసేదే విద్య అని గాంధీజీ 1937 జూలైలో ‘హరిజన్’ పత్రికలో వివరించారు. అదే ఏడాది అక్టోబరు 22, 23 తేదీల్లో వార్ధాలో జరిగిన విద్యా సమావేశం నాలుగు తీర్మానాలు చేసింది. ఏడేళ్ల ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషా మాధ్యమం, ఉత్పాదకమైన చేతిపని కేంద్రంగా బోధన, ఆ ఉత్పత్తి ద్వారా ఉపాధ్యాయుల వేతనాలను క్రమంగా సమకూర్చుకోవడం అనేవి ఆ తీర్మానాల సారం. పాఠ్యప్రణాళిక రచన బాధ్యతను జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘానికి అప్పగించారు. ఆ సంఘం 1937 డిసెంబరులో నివేదిక సమర్పించింది.

2. ఏడేళ్ల చదువు – పద్నాలుగేళ్ల హద్దు:
నివేదిక సూచించిన దినచర్య ఐదున్నర గంటలది. అందులో చేతిపనికి 3 గంటల 20 నిమిషాలు, సంగీతం, చిత్రలేఖనం, గణితాలకు కలిపి 40 నిమిషాలు, మాతృభాషకు 40 నిమిషాలు, సాంఘిక, సామాన్య శాస్త్రాలకు 30 నిమిషాలు, వ్యాయామానికి 10 నిమిషాలు, విరామానికి 10 నిమిషాలు కేటాయించారు. చేతిపనికి ఇంత పెద్దపీట వేయడం కార్మికులను తయారుచేయడానికి కాదు. నూలు వడికే పిల్లవాడు పోగుల లెక్కలో గణితాన్ని, పత్తి పండే నేలలో భూగోళాన్ని, చేనేత పతనంలో చరిత్రను గ్రహించాలన్నది సహసంబంధ బోధన లక్ష్యం.

ఈ పద్ధతి ఫలించేది పై తరగతుల్లోనే. చిన్న తరగతుల్లో చేయి పనికి అలవాటుపడుతుంది. ఆ పని వెనుక ఉన్న కారణాలనూ, సమాజ సంబంధాలనూ ఆలోచించే శక్తి పదకొండేళ్లు దాటాక బలపడుతుంది. పౌరశిక్షణకూ కౌమార దశకూ ఉన్న ప్రాధాన్యాన్ని గుర్తించి, 14 ఏళ్లకు ముందే చదువు ముగియరాదని సంఘం భావించింది.

3. మొదటి చీలిక – బాలికలు:
ఐదో తరగతి వరకు బాలబాలికలకు సహవిద్యను నివేదిక అంగీకరించింది. అయితే 6, 7 తరగతుల్లో బాలికలు చేతిపనికి బదులు ఉన్నత గృహవిజ్ఞానాన్ని ఎంచుకోవచ్చని చెప్పింది. సంరక్షకులు కోరితే పన్నెండేళ్లు నిండిన బాలికలను బడి మాన్పించవచ్చని కూడా వెసులుబాటు కల్పించింది. కౌమారం కీలకమని గుర్తించిన నివేదికే, ఆ వయసులో ఇంటి ఒత్తిడికి ఎక్కువగా గురయ్యే బాలికకు బడి తలుపు తెరచి ఉంచవలసినచోట నిష్క్రమణకు దారి చూపింది. సమగ్రత అనే ఆదర్శం ఆ మేరకు బాలుడి సమగ్రతగానే మిగిలింది.

4. రెండవ చీలిక – పదకొండేళ్ల కోత:
1938లో కేంద్ర విద్యా సలహా మండలి నియమించిన బి.జి. ఖేర్ సంఘం, ఐదో తరగతి తర్వాత, అంటే సుమారు పదకొండేళ్లు దాటాక, విద్యార్థులు ఇతర పాఠశాలలకు మళ్లవచ్చని సూచించింది. 1944 నాటి సార్జెంట్ ప్రణాళిక మౌలిక విద్యను జూనియర్ (6–11), సీనియర్ (11–14) దశలుగా విభజించి, ఎంపికైన పిల్లలను పదకొండేళ్లకే ఉన్నత పాఠశాలలకు పంపాలంది. దీనితో సీనియర్ దశ ఎంపిక కానివారి చదువుగా మారింది. మౌలిక పాఠ్యప్రణాళికలో ఆంగ్లానికి చోటు లేకపోగా ఉద్యోగాలకు ఆంగ్లమే దారి కావడం వల్ల తల్లిదండ్రుల మొగ్గు ఎటో ఊహించడం కష్టం కాదు. ఐదేళ్లు చేతిపని నేర్చిన పిల్లవాడు, దాని సారం బోధపడే వేళకు దానిని విడిచి వెళ్లవలసి వచ్చింది.

తరువాతి కాలంలో కొఠారీ కమిషన్ (1964–66) ‘పని అనుభవం’ పేరుతోను, ఈశ్వర్‌భాయి పటేల్ సంఘం (1977) ‘సామాజికోపయోగ ఉత్పాదక కృత్యం’ పేరుతోను చేతిపనిని నిలబెట్టాయి. అయితే చదువుకు ఇరుసుగా ఉండవలసినది ఆచరణలో పాఠ్యాంశాల పట్టికలో చివరి అంశంగా కుంచించుకుపోయింది.

5. ముగింపు:
నయీ తాలీం నిర్దేశించిన పద్నాలుగేళ్ల హద్దు రాజ్యాంగం 45వ అధికరణ మూలపాఠంలో కనిపించింది, 2009 విద్యాహక్కు చట్టంలోనూ కనిపిస్తుంది. వయసు హద్దు నిలిచింది గాని, ఆ వయసును నింపవలసిన విద్యాస్వరూపం నిలవలేదు. జాతీయ విద్యావిధానం 2020 ఆరు నుంచి ఎనిమిది తరగతులను ప్రత్యేక దశగా గుర్తించి, పుస్తకాల సంచి లేని పది రోజులను, చేతివృత్తుల పరిచయాన్ని ప్రతిపాదించింది. మరోవైపు తెలుగు రాష్ట్రాల ప్రైవేటు బడుల్లో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ శిక్షణ పరిపాటిగా మారింది. పదకొండేళ్ల వయసును వడపోత ఘట్టంగా చూసే దృష్టి తొలగనంతవరకు, ఎన్ని పనిదినాలు చేర్చినా సమగ్ర వికాసం నినాదంగానే మిగులుతుందని నయీ తాలీం చరిత్ర స్పష్టం చేస్తోంది.