వెచ్చని నీటి వ్యాయామం

వెచ్చని నీటి వ్యాయామం అనగా శరీర ఉష్ణోగ్రతకు కొంచెం తక్కువ వేడి గల నీటిలో, నడుము లేదా ఛాతీ వరకు మునిగి చేసే చికిత్సా వ్యాయామం. దీనినే జలవ్యాయామ చికిత్స అని, హైడ్రోథెరపీ అని కూడా అంటారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్ళవాతం), వెన్నెముకను బిగుసుకొనిపోయేటట్లు చేసే ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ వంటి దీర్ఘకాలిక వాపు వ్యాధులలో నొప్పిని తగ్గించి, కీళ్ళ కదలికను కాపాడుటకు దీనిని ఉపయోగిస్తారు. ఇది మందులకు తోడు మాత్రమే. వాటికి బదులు కాదు.

ఆవశ్యకత

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున కీళ్ళ లోపలి పొరపైనే దాడి చేస్తుంది. ఫలితంగా వాపు, నొప్పి కలుగుతాయి. ఉదయం లేవగానే కీళ్ళు బిగుసుకొని ఉంటాయి. కదిలితే నొప్పి కనుక రోగి కదలడం మానుకుంటాడు. కదలిక లేక కండరాలు క్షీణిస్తాయి, కీలుకు ఆసరా తగ్గుతుంది, నొప్పి మరింత పెరుగుతుంది. ఈ విషవలయాన్ని ఛేదించడమే నీటి వ్యాయామపు ముఖ్యోద్దేశం.

పనిచేసే విధానం

* తేలుడు బలం: ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం నీరు శరీరాన్ని పైకి నెడుతుంది. నడుము లోతు నీటిలో కాళ్ళపై పడే భారం సుమారు సగానికి, మెడ లోతులో సుమారు పదో వంతుకు తగ్గుతుంది. నేలపై నడవలేనివారు కూడా నీటిలో నడవగలగడానికి కారణమిదే.
* నీటి ఒత్తిడి: లోతు పెరిగిన కొలదీ ఒత్తిడి పెరుగుతుంది. ఇది కాళ్ళలో చేరిన నీరు తగ్గుటకు తోడ్పడుతుంది.
* నిరోధం: ఎంత వేగంగా కదిలితే నీరు అంతగా అడ్డుకుంటుంది. కదలిక ఆపగానే నిరోధమూ ఆగుతుంది. అందువలన రోగి తన శక్తికి తగినట్లు శ్రమను తానే నియంత్రించుకొనవచ్చు.
* వేడి: చికిత్స కొలనులలో నీటిని సాధారణంగా 33 నుండి 36 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచుతారు. ఈ వెచ్చదనానికి కండరాల బిగువు సడలుతుంది.

చరిత్ర

పోలియో అని నిర్ధారించబడిన వ్యాధితో 1921లో కాళ్ళు చచ్చుబడిన ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్, 1924లో జార్జియా రాష్ట్రంలోని వార్మ్ స్ప్రింగ్స్ బుగ్గలకు వెళ్ళి, ఆ నీటిలో కాళ్ళు కొంత కదిలించగలిగాడు. 1926లో ఆ స్థలాన్ని కొని, 1927లో అక్కడ చికిత్సా సంస్థను నెలకొల్పాడు. పోలియో కీళ్ళ వాపు వ్యాధి కాకున్నా, నీటి వ్యాయామానికి ఈ సంఘటన వలన ప్రాచుర్యం కలిగింది. 1949లో లండనులో జేమ్స్ మెక్‌మిలన్ వికలాంగ బాలికలకు ఈత నేర్పుతూ రూపొందించిన హాలివిక్ పద్ధతి, స్విట్జర్లాండులోని బాడ్ రగాజ్ పట్టణం పేరుతో ప్రసిద్ధమైన వలయాల పద్ధతి ఆ తరువాత వ్యాప్తిలోకి వచ్చాయి.

పరిశోధన ఫలితాలు

కాక్రేన్ సంస్థ 2016లో మోకాలు, తుంటి కీళ్ళ అరుగుదలపై 13 ప్రయోగాలను (1,190 మంది) సమీక్షించింది. నీటి వ్యాయామం వలన నొప్పి, అశక్తత కొద్దిగా, స్వల్పకాలం తగ్గినట్లు తేలింది. ఫైబ్రోమయాల్జియాపై 2014 నాటి సమీక్ష (16 అధ్యయనాలు, 881 మంది) కూడా మేలును సూచించింది; అయితే కండర బలం పెంచుటలో నేలపై వ్యాయామమే మెరుగని తెలిపింది. ఈ రెండూ వాపు ప్రధానమైన వ్యాధులు కావు. ఏ వ్యాధిలోనైనా లాభం నిలవాలంటే వ్యాయామం కొనసాగించవలెను.

జాగ్రత్తలు

* జ్వరం, మానని పుండ్లు, అంటువ్యాధులు ఉన్నప్పుడు కొలనులో దిగరాదు.
* గుండె జబ్బు, మూర్ఛ, రక్తపోటు ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించవలెను.
* మెథోట్రెక్సేట్ వంటి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు కొలను పరిశుభ్రత విషయమై శ్రద్ధ వహించవలెను. వెచ్చని నీటిలో సూక్ష్మజీవులు సులభంగా పెరుగుతాయి.
* నీటి నుండి బయటకు వచ్చేటప్పుడు రక్తపోటు తగ్గి కళ్ళు తిరగవచ్చు, నెమ్మదిగా లేవవలెను.

ఇంటి వద్ద

కొలను అందుబాటులో లేనివారు గోరువెచ్చని నీరు పోసిన బేసినులో చేతులుంచి, వేళ్ళను మెల్లగా ముడిచి చాచవచ్చు. ఉదయపు బిగువుకు ఇది ఉపశమనమిస్తుంది. చేతులలో స్పర్శ తగ్గినవారు నీటి వేడిని మరొకరిచేత చూపించుకొనవలెను.