పరుల గీతమునకు మన మర్యాద – యానాము చరిత్ర

పరుల యింట హారతి యిచ్చు వేళ అతిథి లేచి నిలుచును. అంతమాత్రమున అతడు ఆ యింటివాడు కాడు; తన యింటి దేవుని విడిచినవాడును కాడు. అన్యదేశపు జాతీయగీతము వినబడునపుడు పరదేశీయుడు మెలగవలసిన తీరును ఈ పోలికతో గ్రహింపవచ్చును. మన తెలుగువారిలో యానామువారికి ఈ ప్రశ్న ఇంటి గడపలోనికే వచ్చినది. వారి చరిత్రను స్మరించినచో ఈ మర్యాదయొక్క హద్దులు తేటపడగలవు.

కాకినాడకు చేరువను, గౌతమీ తీరమున నున్న యానాము పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రెంచివారి వశమైనది. నడుమ నడుమ ఆంగ్లేయులు ఆక్రమించినను మరల ఫ్రెంచివారి చేతికే వచ్చినది. ప్రజల భాష తెలుగు; ప్రభుత్వపు గీతము 'మార్సెయేజ్'. 1792 ఏప్రిలులో స్ట్రాస్‌బర్గు నగరమున రూజే ద లీల్ రచించిన ఆ గీతమును 1795లో ఫ్రెంచివారు జాతీయగీతముగా స్వీకరించిరి. 1879లో దానికి ఆ గౌరవము తిరిగి లభించినది. చుట్టునున్న గోదావరి మండలము 1947 వరకు ఆంగ్ల ప్రభుత్వము క్రింద నుండెను. స్వతంత్ర భారతదేశము 1950 జనవరి 24న 'జనగణమన'ను స్వీకరించునాటికి యానామున ఇంకను ఫ్రెంచి పాలనయే. కనుక పొలిమేర దాటి పెండ్లికో సంతకో పోయిన యానామువాడు, తన భాషయే మాటలాడు జనుల నడుమ, చట్టము దృష్టిలో పరదేశీయుడు.

1954 జూన్ 13న యానాము ఫ్రెంచి పాలననుండి విడివడినది. 1956 మే 28న రెండు ప్రభుత్వములును ఒడంబడిక చేసికొనినవి. అది 1962 ఆగస్టు 16న అమలునకు వచ్చినది. దాని ప్రకారము అచ్చట పుట్టి అచ్చటనే నివసించువారు సామాన్యముగా భారత పౌరులైరి. ఫ్రెంచి జాతీయతను నిలుపుకొన గోరినవారు ఆరు మాసములలోగా వ్రాతమూలకముగా తెలుపవలసియుండెను. అవివాహితులగు చిన్న పిల్లల విషయమున తండ్రి నిర్ణయమే ప్రమాణము. ఈ ఏర్పాటువలన ఒకే తల్లి బిడ్డలు రెండు దేశముల పౌరులగుటకు వీలు కలిగెను. అన్న పాడు గీతము తమ్మునికి పరదేశ గీతము కావచ్చును. ఇట్టి కుటుంబములో ఎవరైనను రెండవ గీతమునకు లేవక కూర్చుండినచో, ఆ అమర్యాద తగులునది దూరదేశమునకు కాదు, తోడబుట్టినవానికి.

ఇక పాటింపవలసిన పద్ధతి సులభమైనది. గీతము మొదలైనంతనే లేచి నిలువవలెను. మాటలు మానవలెను, టోపీ ధరించిన పురుషుడు దానిని తీయవలెను, గీతము ముగియువరకు కదలరాదు. పాడవలసిన విధి అతిథికి లేదు. అమెరికా పౌరులు తమ గీతమునకు కుడిచేతిని రొమ్మున నుంచుకొందురు. అది పౌరుని ఆచారము, అతిథి అనుకరింప నక్కరలేదు. థాయిలాండులో ప్రతిదినము ఉదయము 8 గంటలకును, సాయంకాలము 6 గంటలకును బహిరంగస్థలములందు గీతము వినిపింతురు. బాటసారులు సైతము నిలిచిపోవుదురు. యాత్రికుడును అట్లే నిలుచుట తగును.

నిలుచుట వేఱు, పాడుట వేఱు అను భేదమును మన సుప్రీంకోర్టు కూడ గుర్తించినది. కేరళలో గీతము పాడనందులకు బడినుండి తొలగింపబడిన విద్యార్థుల వ్యాజ్యమున, గౌరవముతో నిలిచినవారు పాడకపోయినను అవమానించినట్లు కాదని 1986లో తీర్పు చెప్పినది. పౌరునకే ఇట్టి వెసులుబాటు ఉండగా అతిథినుండి అంతకు మించి కోరుట న్యాయము కాదు.

మన 'జనగణమన' చరిత్రలోనే పరదేశీయుల ఆదరమునకు మంచి ఉదాహరణము కలదు. 1919లో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెలో ఆ గీతమును ఆంగ్లములోనికి అనువదించినపుడు, దాని బాణీకి స్వరలిపి కూర్చుటలో తోడ్పడినది ఐర్లండు దేశస్థురాలగు మార్గరెట్ కజిన్స్. ఆ గీతము పూర్తిగా పాడుటకు పట్టునది సుమారు 52 సెకండ్లు. పరుల గీతమునకు మనమును అంతసేపు నిలువగలము. పొరుగు నేలలందు స్థిరపడిన మన కుటుంబములవారు తమ పిల్లలకు ఈ మర్యాదను చిన్ననాటనే నేర్పుదురుగాక.