పాత్ర, పేరు, మనిషి

వేసవి సెలవులకు గోదావరిఖని వచ్చిన మా మనుమడు రాత్రి పొద్దుపోయేదాకా కంప్యూటరు ముందు కూర్చుని టైపు చేస్తూ ఉంటే, కళాశాలకు సంబంధించిన వ్యాసమేదో రాస్తున్నాడనుకుని సంతోషించాను. దగ్గరికి వెళ్లి చూస్తే తెర మీద బొమ్మ లేదు, చప్పుడు లేదు. ఉన్నవి అక్షరాలే. "ఇది ఆట తాతా" అన్నాడు. ఎనిమిది మంది ఎవరి ఊళ్లో వాళ్లు కూర్చుని, కరువుపడిన ఒక కల్పిత రాజ్యంలో తలా ఒక పాత్ర ధరించి, ఒకరి తరువాత ఒకరు తమ పాత్ర మాటలను, చేతలను రాస్తూ కథ నడుపుతున్నారట. మావాడు అందులో ఒంటికన్ను వైద్యుడు.

"నువ్వు కూడా చేరు" అని నా ముందు ఒక పత్రం పెట్టాడు. పేరు, ఊరు, వృత్తి, బలం, లోపం, భయం, దాచుకున్న రహస్యం – ఇవన్నీ నింపాలి. మొట్టమొదటి గడి దగ్గరే నా చేయి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పడానికే ఈ వ్యాసం. అంతకుముందు ఈ ఆట పుట్టుపూర్వోత్తరాలు కొంత చెప్పుకోవాలి.

ఆటను నడిపేవాడు ఒకడుంటాడు. లోకాన్ని వర్ణించడం, ఎవరికీ చెందని పాత్రల తరఫున మాట్లాడటం, చిక్కుముడి పడినచోట ఫలితం తేల్చడం అతని పని. చేరదలచినవాడు సర్వసమర్థుడైన వీరుణ్ణి సృష్టించి పంపితే అతడు తిప్పి పంపుతాడు. లోపం లేనివాడికి కథ ఉండదు. మన కర్ణుణ్ణి తలచుకుంటే చాలు, ఈ సూత్రం బోధపడుతుంది. ఇక నియమాలు మూడు. నీ పాత్ర చేసే ప్రయత్నాన్నే నువ్వు రాయాలి, ఎదుటి పాత్రకు ఏమైందో రాయరాదు. కత్తి విసిరానని రాయవచ్చు, అతని తల తెగిందని రాయకూడదు. నీకు తెలిసినదంతా నీ పాత్రకు తెలియదని గుర్తుంచుకోవాలి. పాత్ర తిట్టినందుకు మనిషి మీద కోపం పెట్టుకోరాదు. మనిషిగా ఏదైనా చెప్పదలిస్తే కుండలీకరణాల్లో రాయాలి. ఈ మూడో నియమం నన్ను బాగా ఆలోచింపజేసింది.

చిత్రమేమిటంటే, కంప్యూటరులో ఇటువంటి అక్షరాల ఆటలకు దారి చూపినది ఒక గుహ. అమెరికాలో విలియం క్రౌథర్ అనే ప్రోగ్రామరుకు గుహాన్వేషణ వ్యసనం. కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహల శ్రేణిలో కొంత భాగాన్ని సర్వే చేసినవారిలో ఆయనొకడు. భార్యతో విడిపోయిన తరువాత, 1975-76 ప్రాంతంలో, తన కూతుళ్ల కోసం ఆ గుహను మాటలలో కట్టి ఒక ఆటగా రాశాడు. 1977లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డాన్ వుడ్స్ దానిని పెంచాడు. ఆడేవాడి చేతిలో ఒక దీపం. దాని బ్యాటరీ అయిపోయేలోగా పని ముగించుకోవాలి, చీకట్లో అడుగు వేస్తే గోతిలో పడతాడు. ల్యాంపు రూంలో దీపం తీసుకుని టోపీకి తగిలించుకుని బాయిలోకి దిగినవారి నడుమ బతికిన నాకు, ఈ ఆటను విడమరచి చెప్పవలసిన అవసరం కలగలేదు.

క్రౌథర్ అంతకుముందే 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆడినవాడు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో వెలువరించిన ఆ ఆటలో కొందరు బల్ల చుట్టూ కూర్చుని, పాత్రలు ధరించి, నోటిమాటతో కథ నడుపుతారు. గుహ ఆటలో ఒక్కడే ఉంటాడు. పలువురు ఒకే అక్షరలోకంలో ఒకేసారి తిరగడం 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టిన 'మడ్'తో వచ్చింది. 1980లో దానిని రిచర్డ్ బార్టిల్ చేపట్టాడు. బార్టిల్ సామాన్య కుటుంబంలో పుట్టినవాడు. పుట్టుకతో అంటుకునే అంతస్తును బయట విడిచి, తాను కోరుకున్న మనిషిగా మసలే చోటు ఒకటి ఉండాలన్నది తమ ఉద్దేశమని ఆయన తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. నేటి ఆటలలో చాలా ఆ వంశంలోనివే.

ఇదంతా పరాయి సొత్తని మావాడి అభిప్రాయం. పాఠం చెప్పే అలవాటు పోలేదు గనుక నేను ఊరుకోలేదు. ధరించినవాడి మీద మరొకరి రూపాన్ని ఆరోపించడం వల్లనే నాటకానికి రూపకమని పేరు వచ్చిందని పదో శతాబ్దపు ధనంజయుడు దశరూపకంలో వివరించాడు. భరతుడు చెప్పిన నాలుగు అభినయాలలో ఆంగికం, ఆహార్యం, సాత్త్వికం మూడింటినీ తీసివేసి, వాచికం ఒక్కదానితో నడిపితే మీ ఆట అవుతుంది అన్నాను.

మన భువనవిజయం మాట చూడండి. కొందరు పండితులు వేదిక మీద అష్టదిగ్గజాల పాత్రలు ధరించి, రాయలు సమస్య ఇవ్వగా, ఆ కవుల గొంతుతో ఆశువుగా పద్యాలు చెబుతారు. తిమ్మరుసు సభను నడుపుతాడు. పెద్దన పాత్రధారి పెద్దన పోకడలోనే చెప్పాలి, రామకృష్ణుడి చమత్కారం అతనికి చెల్లదు. దీనిని చరిత్ర అనుకునేవారు చాలామంది ఉన్నారు. కృష్ణదేవరాయల పాలన 1509 నుంచి 1529 వరకు. వసుచరిత్రను రామరాజభూషణుడు అంకితమిచ్చినది ఆ తరువాతి ఆరవీటి వంశపు తిరుమలరాయలకు. కళాపూర్ణోదయాన్ని పింగళి సూరన అంకితమిచ్చినది నంద్యాల కృష్ణరాజుకు. ఎనిమిదిమందీ ఒకేనాడు రాయల ఎదుట కూర్చున్న సభ ఒక కల్పన. జాతి యావత్తు ఇష్టపడి ఆడుకున్న పాత్రల ఆట అనడం నిజానికి దగ్గర.

ఆ సూరనే, పదహారో శతాబ్దంలోనే, ఈ ఆటలోని ప్రమాదాన్ని కథగా చెప్పాడు. కళాపూర్ణోదయంలో నలకూబరుణ్ణి ప్రేమించిన కలభాషిణి వరప్రభావంతో రంభ రూపం ధరిస్తుంది. మణికంధరుడు నలకూబరుడి రూపం ధరిస్తాడు. వారిద్దరూ తారసపడతారు. తాను మారువేషంలో ఉన్నట్టు ఎవరికి వారికి తెలుసు, ఎదుటివారిదీ మారువేషమేనని తెలియదు. వేషం వెనుక మనిషి ఉన్నాడన్న స్పృహ తప్పితే ఏమవుతుందో ఆ కావ్యం చదివినవారికి తెలుసు. కుండలీకరణాలు లేని ఆట అది.

ఇప్పుడు నా చేయి ఆగిన సంగతి. 1987 ప్రభవ నామ సంవత్సర ఉగాదికి మా ఊళ్లో మేము కొందరం భువనవిజయం వేశాం. ఉపాధ్యాయులం నలుగురం, మిగిలినవారు బాయి పనివారు, గుమస్తాలు. తెనాలి రామకృష్ణుడిగా ఒక బొగ్గుబాయి కార్మికుడిని తీసుకున్నాం. బడి చదువు అయిదో తరగతి, కంఠతా వచ్చిన పద్యాలు వందలు. ఆహ్వానపత్రం అచ్చుకు ఇస్తూ ఆయన పేరు అడిగాను. ఆయన తల వంచుకున్నాడు. "బాయిల పేరు ఒకటి, ఇంటికాడ పేరు ఒకటి సారూ. రెండూ వద్దు. తెనాలి రామకృష్ణుడని ఒక్కటే ఎయ్యుండ్రి" అన్నాడు.

బొగ్గుగనుల ప్రాంతంవారికి ఈ మాట అర్థం చెప్పనక్కరలేదు. ఇతరుల కోసం చెబుతాను. ఒకప్పుడు పని దొరికినవాడు రాకపోతే అతని పేరుతో తమ్ముడో బావమరిదో చేరేవాడు. ఆ పేరే హాజరులో, జీతంలో, భవిష్యనిధిలో ముప్పై ఏళ్లు నడిచేది. వీరినే మారుపేర్లవారు అంటారు. వారి పేర్లు సరిచేయాలన్నది ఇక్కడి కార్మిక సంఘాలు ఏళ్ల తరబడి వినిపించిన కోరిక. పాత్ర ధరించడం వారికి వినోదం కాదు, బువ్వ. వారి ఆటలో కుండలీకరణాలకు చోటు లేదు. ఆ ఉగాది రాత్రి మూడు గంటలపాటు, రెండు పేర్లూ దించుకుని మూడో పేరులో నిలబడినప్పుడు, ఆయన గొంతు ఎంత స్వేచ్ఛగా పలికిందో నాకు ఈనాటికీ గుర్తుంది.

కొన్నేళ్లకు ఆయన సర్వీసులో ఉండగానే మరణించాడు. కొడుకు నా శిష్యుడు. బడి రిజిస్టరులో తండ్రి పేరు ఇంటి పేరు, బాయి కాగితాల్లో మరొకటి. తండ్రి ఉద్యోగం కొడుక్కి రావాలంటే ఆ ఇద్దరూ ఒక్కరేనని తెలిసినవారు రాసి ఇవ్వాలి. కుర్రవాడు తల్లిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "సారూ, మా నాయిన మీకు ఎరుకే గదా" అన్నాడు. నాకు తెలుసు. తెలిసి కూడా, ప్రభుత్వోద్యోగిని, రేపు విచారణ వస్తే ఎలాగ అని భయపడి, సంతకం పెట్టలేదు. మంచిమాటలు చెప్పి పంపించాను. ఆ అబ్బాయికి ఆ ఉద్యోగం రాలేదు. నా సంతకంతో వచ్చేదో లేదో చెప్పలేను. పెట్టలేదన్నది మాత్రం నిజం.

పాత్ర అనే మాటకు మన భాషలో గిన్నె అనే అర్థమూ ఉంది, యోగ్యత అనే అర్థమూ ఉంది. గిన్నెను ధరించినవాడు వేరు, గిన్నె వేరు. ఆటలో ఆ రెంటినీ విడిగా ఉంచడానికి నియమాలున్నాయి, నిర్వాహకుడున్నాడు. బతుకులో ఆ పని తోటి మనుషులే చేయాలి. "ఈ పేరు వెనుక ఉన్నవాడు నాకు తెలుసు" అని చెప్పేవాడు ఒకడు కావాలి. ఆనాడు ఆ ఒక్కణ్ణి నేను కాలేకపోయాను.

చివరికి పత్రం నింపాను. పేరు గడిలో నా పేరు కాక మరొకటి రాశాను. వృత్తి: రాజ్యంలో పుట్టినవారి పేర్లు నమోదు చేసే లేఖకుడు. బలం: ఎవరినీ మరచిపోడు. లోపం: అడిగినప్పుడు సాక్ష్యం చెప్పలేదు. మావాడు చదివి, "లోపం చాలా బాగుంది తాతా, ఎక్కణ్ణుంచి తెచ్చావు?" అన్నాడు. అది కుండలీకరణాల్లో చెప్పవలసిన జవాబు గనుక, దీపం తగ్గించి, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, పైన రాసినదంతా చెప్పాను.